పదమూడు బుడిపెల తాబేలు

తాబేలు చిప్ప అబద్ధం చెప్పదని నాకు మొదట చెప్పినవాడు నంద్యాల పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. ఆయన తాబేలు గురించి మాత్రమే చెప్పాడు. మనుషుల గురించి కూడా ఒక మాట చెప్పి ఉంటే నాకు బోలెడన్ని ఏళ్ళు కలిసొచ్చేవి.

మాది ఆళ్ళగడ్డ. నాయనది రాతిపని. ఎవరైనా దేవుళ్ళను చెక్కుతాడు అంటే ఆయనకు నచ్చేది కాదు. "దేవున్ని చెక్కేకి నేనెవున్ని? రాయిని చెక్కుతా" అనేవాడు. ఇంటి ముందర రేకుల షెడ్డు. అందులో ముక్కు ఇంకా తేలని ముఖాలు, నడుం దాకా బయటికొచ్చి మిగతాదంతా బండలోనే ఉండిపోయిన దేవతలు. తినే అన్నంలో, పడుకునే బొంతలో, మా అమ్మ జడలో, అన్నిచోట్లా రాతిపొడే. బడిలో నా పక్కన కూర్చున్న పిల్ల పొద్దున్నే నా గౌను దులిపి గానీ కూర్చునేది కాదు.

తొంభైల మొదట్లో, నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు, నాయన రాయి చూసి రావడానికి అహోబిలం వైపు కొండల్లోకి పోయాడు. సాయంత్రం తిరిగొచ్చి అన్నం క్యారియర్ నా చేతికిచ్చాడు. మూత తీస్తే పైగిన్నెలో కాస్త గడ్డి, గడ్డి మీద నిమ్మకాయను సగానికి కోసి బోర్లించినంత తాబేలుపిల్ల. నల్లటి వీపు, దాని మీద చుక్కలోంచి పసుప్పచ్చ గీతలు నాలుగు దిక్కులా చిమ్మినట్టు. నేను కేక పెట్టాను.

"నీకే మే, సాకుకో" అన్నాడు నాయన.

అడవి జీవాన్ని ఇంట్లో పెట్టుకోవడం నేరమని మాకప్పుడు తెలియదు. తెలిసుంటే వదిలేసేవాళ్ళమా అంటే ఒట్టేసి చెప్పలేను. నాకోసం తెచ్చాడు, అంతే నాకు కావలసింది. మా నాయన బజారు నుంచి రిబ్బను తెచ్చే రకం కాదు. ఆయన కొండ దిగుతూ నన్ను తలుచుకుని, సగం తిన్న అన్నం పారబోసి, ఆ గిన్నెలో దీన్ని పెట్టుకుని వచ్చాడని తలచుకుంటే నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు.

పిల్ల గదా, బలం కావాలంది అమ్మ. రాత్రి నానబెట్టిన శనగలు, పెరుగన్నం, పప్పన్నం. నూనె తీయగా మిగిలిన చెనక్కాయ చెక్క, బర్రెలకు పెడతామే, అది నానబెట్టి ముద్ద చేసి పెడితే తాబేలు నేలంతా నాకేది. ఎండలో మాడిపోతుందని షెడ్డు మూల నీడలో గోనెసంచి పరిచాం. నాయన తన వంతు సేవ తనూ చేశాడు. పూర్తయిన విగ్రహాలు నల్లగా మెరవడానికి నూనె పూసి గుడ్డతో రుద్దుతారు. అదే గుడ్డతో, అదే నూనెతో తాబేలు వీపు కూడా రుద్దేవాడు. మా ఇంట్లో ఏది మెరవాలన్నా ఒకటే వైద్యం.

తాబేలు మెరిసింది. తొందర తొందరగా పెరిగింది కూడా. ఏడాది తిరిగేసరికి నా అరచేతిలో పట్టలేదు. రెండో ఏడు దాని వీపు మీద బుడిపెలు లేచాయి. నడుమ ఐదు, అటు నాలుగు, ఇటు నాలుగు, మొత్తం పదమూడు. ఒక్కో పలక ఒక్కో చిన్న గుట్టలాగా కొసదేరి పైకొచ్చింది. షెడ్డుకొచ్చిన ప్రతివాళ్ళూ ముచ్చటపడి ముట్టుకునేవాళ్ళు. ఇంత అందమైన తాబేలును యాడా చూడలేదనేవాళ్ళు. నేను గర్వంగా దాన్ని ఎత్తి చూపించేదాన్ని.

దాని వీపును చూడడం నాకు నేర్పింది మాత్రం నాయనే. ఎండాకాలం మధ్యాహ్నాలు పని ఆపి, తాబేలును ఒళ్ళో పెట్టుకుని, ఉలి కొసతో తగలకుండా చూపించేవాడు. పలక నడుమ పసుప్పచ్చ చుక్క, దాని చుట్టూ ఉల్లిగడ్డను అడ్డంగా కోస్తే కనపడే వరుసలు. లోపలివి పాతవి, బయటి అంచుది కొత్తది. రెండు పలకలు కలిసేచోట సన్నగా తెల్లటి గీత కనపడితే అప్పుడది పెరుగుతున్నట్టు. ఆ గీతను చేతి కంపాసుతో కొలవడం, గోటి అంచుతో వరుసలు తడుముతూ లెక్కపెట్టడం, అన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. కుడివైపు మూడో పలక కింద అంచున చిన్న నొక్కు ఉండేది, పిల్లగా ఉన్నప్పుడు దాని మీద రాతి పెచ్చు పడింది. ఆ నొక్కును కూడా చూడకుండా దాటిపోనిచ్చేవాడు కాదు.

"కన్ను ముందు పోవల్ల, చెయ్యి ఎనక రావల్ల" అనేవాడు. "నేను చూసిందే చెక్కుతా. ఉండేది ఒదల్ను, లేంది పెట్టను."

ఆ మాట ఊళ్ళో అందరికీ తెలుసు. వేరేవాళ్ళు చెక్కిన ఏనుగుకు ఎన్ని గోళ్ళుంటాయో రాయిని బట్టి ఉండేది. మా నాయన సర్కసు వచ్చినప్పుడు నంద్యాల దాకా పోయి లెక్కపెట్టుకుని వచ్చాడు.

నేను తొమ్మిదికి వచ్చిన ఎండాకాలంలో ఒకరోజు తాబేలును కడుగుతూ వెల్లకిలా తిప్పి కింది చిప్ప పట్టుకున్నాను. నా బొటనవేలు కింద అది లొంగింది. మళ్ళీ నొక్కితే మళ్ళీ లొంగింది. గట్టిగా ఉండాల్సిన చిప్ప నానిన తోలు చెప్పులాగా వంగుతోంది. మర్నాడే అమ్మను వెంటబెట్టుకుని, తాబేలును గుడ్డసంచిలో వేసుకుని నంద్యాల బస్సెక్కాను.

డాక్టరు గోస్పాడు వైపు బర్రెల్ని చూడడానికి పోయాడు. ఉన్నది కాంపౌండరు. నల్లమలలో గూడెం నుంచి వచ్చి చదువుకుని ఉద్యోగం తెచ్చుకున్న మనిషి, మా నాయన వయసే ఉంటుంది. సంచి విప్పగానే ఆయన ముఖం మారింది. బెంచీ మీద పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి, వీపు మీద వేలు రాసి వాసన చూశాడు.

"నూనె పూసినారా?"

"మెరుస్తాదని" అన్నాను.

"ఏం పెడ్తాండారు దీనికి?"

అమ్మ కొంచెం గొప్పగానే చెప్పింది, శనగలు, పెరుగన్నం, చెనక్కాయ చెక్క అని.

"బిడ్డను సాకినట్టు సాకినావు తల్లీ" అన్నాడాయన. "ఆ సాకుడే దీని రోగం."

తర్వాత నన్ను దగ్గరికి పిలిచి చెప్పాడు. ఆయన చెప్పిన తీరు నాకిప్పటికీ గుర్తే. "ఇది మీద కప్పుకున్న డొప్ప గాదు పాపా. దీని ఎన్నెముక, పక్కటెముకలు కలిసే ఈ కప్పు అయినాయి. మీద ఉండేది మన గోరు మాదిరి పొర. అడివిలో గడ్డీ గాదం తిని ఇది మెల్లగ పెరుగుతాది, పొర పక్కకు సాగుతాది. మీరు పప్పులు తోసి తోసి తొందర పెట్టినారు. నీళ్ళు తగల్నీక ఆరబెట్టినారు. పక్కకు పోవాల్సింది మీదికి లేసింది. ఈ జాతికి రోంత మిట్ట ఉంటాది, లేదన్ను. ఇంత గాదు. కింద మెత్తబడింది పొద్దు తగలక, సున్నం సాలక."

"ఈ బుడిపెలు పోతాయా?" అన్నాను.

"లేసినేవి పోవు. ఇంగ మీద వచ్చే వరస జూడు. అది చదునుగ వస్తే బాగుపడ్తాందని అర్థం. మళ్ళా లేస్తే లోపల ఊపిరికి జాగా సాలదు, ఎనక కాళ్ళు పడిపోతాయి, ఇంగ బతకదు. నువ్వేం పెడ్తాండావో నన్నడగొద్దు, నాకు జెప్పొద్దు. వరస జూస్తే నాకే తెలుస్తాది. చిప్ప అబద్ధం చెప్పదు."

ఇది అడవిలో ఉండాల్సిందనీ, ఈ వీపుతో ఇప్పుడు అడవిలో వదిలితే బతకదనీ కూడా అన్నాడు. ఆ మాట అన్నప్పుడు అమ్మ వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు.

ఆ రోజు నుంచి నేనొక పిచ్చిదాన్నయ్యాను. పొద్దున బడికి పోయే ముందు గరిక కోసుకొచ్చేదాన్ని. మందారాకులు, ములుకులు కాల్చేసిన నాగజెముడు మట్టలు. తాంబాళంలో మెడ మునగకుండా గోరువెచ్చని నీళ్ళు పోసి కాసేపు కూర్చోబెట్టి, తర్వాత పెరట్లో లేతెండలో వదిలేదాన్ని. సున్నానికి గుడ్డు పెంకుల పొడి చల్లమన్నాడు కాంపౌండరు. మా ఇంట్లో గుడ్డు గడప దాటదు. పక్కింట్లో చర్చి బడి టీచరమ్మ ఉండేది. ఆమె పెంకులు దాచిపెడితే అక్కడే కడిగి, ఎండబెట్టి, ఆమె రోట్లోనే దంచుకుని కాగితంలో తెచ్చేదాన్ని. అమ్మ వాకిట్లోనే ఆపేసింది. నాయన షెడ్డులోంచి అన్నాడు, "పెంకే గదా, అదీ ఓ తీరు రాయే. రానీ."

ఆయన అట్లా అన్నందుకు నేను వారం రోజులు ఆయన చెప్పకుండానే నీళ్ళచెంబు అందించాను.

కాంపౌండరు చెప్పిందంతా నాయనకు వివరంగా చెప్పాను. నేల మీద సుద్దముక్కతో పలక గీసి, వరుసలు గీసి, ఇది పప్పుతో లేచింది, ఇకమీద ఇట్లా రావాలి అని చూపించాను. ఆయన ఉలి ఆపలేదు. తల ఊపాడు. శనగలు, చెక్క ఇంక పెట్టొద్దు అంటే మళ్ళీ తల ఊపాడు.

వానలు మొదలవగానే నాయన ఏదో మంటపం పనికి శ్రీశైలం దగ్గర సున్నిపెంటకు పోయి అక్కడే రెండున్నర నెలలు ఉండిపోయాడు. ఆ రెండున్నర నెలలే నా జీవితంలో నేను చేసిన పని నా కళ్ళ ముందు ఫలించిన కాలం. పలకల అంచున తెల్లగీత వచ్చింది, వెడల్పయింది, ముదిరి నల్లబడింది. గోటితో తడిమితే చదునుగా ఉంది. ఎనిమిది వరుసలు మెట్లెక్కినట్టు ఎక్కి, తొమ్మిదోది అరుగులాగా బల్లపరుపుగా పరుచుకుంది. పదమూడు పలకలకూ అంతే. కింది చిప్ప నొక్కితే లొంగడం మానేసింది. నేను వీధిలోకి పరిగెత్తి టీచరమ్మ చేయి పట్టుకుని లాక్కొచ్చి చూపించాను. ఆమెకు ఏం చూడాలో తెలియలేదు గానీ నా ముఖం చూసి నవ్వింది.

నాయన తిరిగొచ్చిన రోజు సంచి కింద పెట్టకముందే ఆయన చూపుడువేలు పట్టుకుని ఆ వరుస మీద నడిపించాను. ఆయన వేలు రాతి మీద ఎట్లా నడిచేదో అట్లాగే నెమ్మదిగా, ఒక్కో వరుస దగ్గర ఆగుతూ నడిచింది. చివరిదాని మీద ఆగింది. "బాగుండాది" అన్నాడు. ఆ రోజు షెడ్డులో సుత్తి చప్పుడు లేదు. ఈ సంగతి తర్వాత ఎప్పటికో నాకు పనికొచ్చింది.

పది రోజులకు గడివేముల వైపు ఒక ఊరి నుంచి గుడి పెద్దలు ముగ్గురు వచ్చారు. గర్భగుడి ముందర మంటపంలో నేల మీద పెట్టడానికి రాతి తాబేలు కావాలి. లోపలికి పోయేవాళ్ళు దాని వీపు ముట్టి కళ్ళకద్దుకుని పోతారు. మాట్లాడుతుండగా మా తాబేలు గోనెసంచి దిగి వాళ్ళ కాళ్ళ దగ్గరికి వచ్చింది. వాళ్ళలో పెద్దాయన వంగి చూసి, పంచె సర్దుకుని నేల మీదే కూర్చుండిపోయాడు.

"పదమూడు గోపురాలు మోస్తాందప్పా ఇది! ఇదే కావల్ల మాకు. అచ్చం ఇట్లనే."

"అది రోగం" అన్నాను నేను. "పప్పులు పెట్టి పెట్టి అట్లా లేచినాయి."

వాళ్ళు ముగ్గురూ నవ్వారు. "రోగమైతే ఇంత అందంగా ఉంటాదా పాపా?" అన్నాడు పెద్దాయన. నాయన నవ్వలేదు. అందరూ నవ్వుతుంటే ఆయనొక్కడు నవ్వనందుకు నాకు ఏడుపొచ్చినంత పనైంది. అంత ప్రేమ పుట్టింది ఆయన మీద.

పెద్దాయన ఇంకోసారి వీపంతా తడిమి, అంచు దగ్గర వేలు ఆపాడు. "ఈడ మాత్రం రోంత పడిపోయినట్టుండాదే?"

"సరైపోతాది" అన్నాడు నాయన.

రాతిలో సరైపోతుందని ఆయన అర్థం అనుకున్నాను. మరి వేరే ఏమనుకోవాలి?

దసరా సెలవులయ్యాక పదో వరుస మొదలైంది. తెల్లగీత వెడల్పుగా, తొందరగా వచ్చింది. అది ముదిరాక గోటితో తడిమితే నా గోరు మళ్ళీ పైకెక్కింది. నమ్మలేక కంపాసుతో కొలిచాను. లేచింది, సందేహం లేదు.

తప్పు నాదే అనుకున్నాను. గరిక ఎక్కువ పెడుతున్నానేమో అని సగం చేశాను. పెంకుపొడి ఎక్కువైందేమో అని తగ్గించాను. నాగజెముడు పెట్టడం మానేశాను. అయినా పదకొండో వరుస కూడా లేచింది. పస్తు పెడుతున్నా బరువు పెరుగుతోంది. నడిచేటప్పుడు వెనక ఎడమకాలు కాస్త ఈడుస్తోంది. నేను లెక్కల పుస్తకం వెనక ఏ రోజు ఏ ఆకు పెట్టానో రాసుకుంటూ, ఎక్కడ తప్పు చేశానా అని వెతుక్కుంటూ కూర్చునేదాన్ని. నాయన షెడ్డులో పెద్ద నల్లబండ దొర్లించుకుని, జాజుతో ఎర్రగా గీతలు గీసుకుని తాబేలు పని మొదలుపెట్టాడు. రోజూ సాయంత్రం "ఎట్లుండాది మే?" అని అడిగేవాడు. బాగాలేదు నాయనా అంటే, "పాపం" అనేవాడు.

సంక్రాంతి దాటాక మళ్ళీ నంద్యాల పోయాను. కాంపౌండరు తాబేలును వెలుతురుకు పట్టుకుని గోటితో వరుసలు తడిమాడు. ఒకచోట ఆగాడు. మొదట మెచ్చుకుంటాడేమో అనుకున్నాను.

"ఈడ ఎంత బాగొచ్చింది. దీని తర్వాత ఏం పెట్టినావ్?"

"మీరు చెప్పిందే."

"పప్పు పెట్టినావ్."

"లేదు సార్. అమ్మతోడు."

ఆయన తాబేలును బెంచీ మీద దించి నా ముఖంలోకి చూశాడు. "నువ్వన్నా అబద్ధం చెప్తాండాల, ఇదన్నా చెప్తాండాల. ఇది చెప్పదు."

ఆసుపత్రిలో బర్రెలు తోలుకొచ్చిన రైతులు చూస్తున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. తాబేలును సంచిలో వేసుకుని బయటికొచ్చేశాను. బస్సులో ఆళ్ళగడ్డ దాకా సంచి ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తూనే వచ్చాను. అంతదాకా వచ్చినా, ఇంట్లో ఇంకెవరో పెడుతున్నారన్న ఆలోచన నాకు రాలేదు. అమ్మను ఒక్కసారి అడిగాను, నీ మీద ఒట్టు అంది. నాయనను అడగాలని కూడా తోచలేదు.

తర్వాతి వారం ఒకరోజు బంద్ అని ప్రార్థన కాగానే బడి వదిలేశారు. తొమ్మిదిన్నరకల్లా ఇంటికొచ్చాను. అమ్మ బోరింగు దగ్గరికి పోయింది. షెడ్డులో సుత్తి చప్పుడు లేదు. నాయన చెక్కుతున్న బండ పక్కన గోనెసంచి మీద తాబేలు ఉంది. నాయన దాని ముందర బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు, కుడిచేతిలో చెక్క ముద్ద, ఎడమ అరచేతిలో నానిన శనగలు. తాబేలు మెడ చాపి ఆయన వేళ్ళ సందుల్లోంచి తింటోంది. దానికి ఆ చెయ్యి ఎంత అలవాటో చూస్తేనే తెలుస్తోంది. పక్కన కంపాసు విప్పి ఉంది.

నా పుస్తకాల సంచి కింద పడిన చప్పుడుకు ఆయన తలెత్తాడు.

"ఏందీ, అప్పుడే వచ్చినావ్?"

"ఏం పెడ్తాండావ్ నాయనా?"

ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "ఆకలితో ఉండాది మే. నువ్వు పిరికెడు గడ్డి ఏసి పోతావ్. ఇది నా కాళ్ళ కాడికొచ్చి మొగం జూస్తాంటే నేనేం జేయల్ల? జీవం గదా."

"పెట్టొద్దని కాంపౌండరు చెప్పినాడని చెప్పినా గదా!"

"చెప్పినావేమో. సుత్తి సప్పుట్లో నాకేం ఇనపడ్తాది? బండలు కొట్టేటోన్ని, నాకేం తెల్సు ఇది చెడుపని?"

నేను తాబేలును లాక్కుని టీచరమ్మ ఇంటికి పోయాను. ఒళ్ళు మండిపోయింది. ఆయనతో నెల రోజులు మాట్లాడలేదు. నన్ను నేను తిట్టుకున్న నెలలన్నీ, పస్తు పెట్టిన రోజులన్నీ, కాంపౌండరు ముందు పోయిన పరువు, అన్నీ తలచుకుని తలచుకుని రగిలాను. అయితే ఆ కోపం అడుగున ఒక మెత్తటి చోటు మిగిలింది. చూడలేక పెట్టాడు, తెలియక పెట్టాడు. సుత్తి చప్పుడులో వినపడలేదు. ఆ మూడు మాటలు కలిపి నాయనకు నేనే ఒక సాకు కుట్టి తొడిగాను. కొలతలు చక్కగా సరిపోయాయి.

తాబేలును మళ్ళీ గడ్డికి మార్చినా అప్పటికే ఆలస్యమైపోయింది. మొదట ఎడమకాలు, తర్వాత రెండు వెనక కాళ్ళూ ఈడ్చింది. ముందు కాళ్ళతో నేలను పట్టుకుని, వీపు మొత్తం లాక్కుంటూ ఎండ పడే చోటుకు పోవాలని చూసేది. ఏప్రిల్‌లో తినడం మానేసింది. పదో తరగతి పుస్తకాలు ఇంకా కొనుక్కోకముందే ఒక పొద్దున నీళ్ళ తాంబాళం పక్కన మెడ చాపి చచ్చిపోయి ఉంది.

పెరట్లో మందారం కింద గుంట తవ్వాను. దాన్ని గుడ్డలో చుడుతుంటే నాయన వచ్చి నిలబడ్డాడు.

"ఒక్క పూట ఆగు తల్లీ. కుడిపక్క అంచు ఇంగా చూసుకోలే."

ఇచ్చాను. ఆయన కళ్ళలో నీళ్ళు కనపడ్డాయి, అందుకే ఇచ్చాను. మధ్యాహ్నం దాకా దాన్ని బండ పక్కన పెట్టుకుని, కంపాసుతో ఒక్కో వరుసా కొలిచి, జాజుతో గుర్తులు పెట్టుకున్నాడు. తర్వాత తనే తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. రాతి తాబేలు శ్రావణంలో ట్రాక్టరెక్కి పోయింది. ప్రతిష్ఠకు ఇంటిల్లిపాదినీ పిలిచారు. నేను పోలేదు.

తర్వాత నాయనతో మామూలుగానే ఉన్నాను. ఎన్నాళ్ళని ముఖం మాడ్చుకుని ఉంటాం? చదువుకున్నాను, నంద్యాలలో ఒక బడిలో సైన్సు చెప్పే ఉద్యోగం వచ్చింది, అక్కడే కాపురం. ప్రతి ఏడూ ఎముకల పాఠం వచ్చినప్పుడు పిల్లలకు మా తాబేలు సంగతి చెప్పేదాన్ని. చిప్ప వెన్నెముకేననీ, వరుసలు ఎట్లా చదవాలో, పప్పులు ఎందుకు పెట్టకూడదో. చివర్లో మా నాయన గురించి కూడా చెప్పేదాన్ని. ప్రేమ ఉంటే చాలదు, తెలిసి ఉండాలి, మా నాయన తెలియక పెట్టాడు అని. పిల్లలు జాలిగా వినేవాళ్ళు. చెప్పిన ప్రతిసారీ నాకు నాయన మీద ఇంకాస్త మమకారం పెరిగేది.

రెండువేల సంవత్సరం దాటాక, నాకు ముప్ఫై దగ్గర పడుతుండగా, మా బడిలో తోటి టీచరు పెళ్ళికి గడివేముల వైపు పోయాం. పెళ్ళి అయ్యాక అందరూ ఆ ఊరి గుడి చూసొద్దామన్నారు. మంటపంలో అడుగుపెట్టాకే నాకు అర్థమైంది, ఏ ఊరికి వచ్చానో.

అది అక్కడ ఉంది. పదమూడు బుడిపెలతో, మనుషులు ముట్టి ముట్టి కొసలు నున్నబడి, పసుపూ కుంకుమా పూసుకుని. ముందున్న ముసలమ్మ దాని వీపు తాకి కళ్ళకద్దుకుని లోపలికి పోయింది. నేను పక్కకు కూర్చున్నాను. నాయన పని చూస్తే ఎప్పుడూ కలిగే గర్వం ముందు కలిగింది. మెడ మడతలు, కాలి గోళ్ళు, కంటి రెప్ప, ఏదీ వదల్లేదు. కుడివైపు మూడో పలక కింద రాతి పెచ్చు పడిన నొక్కు కూడా ఉంది. నా కళ్ళు తడయ్యాయి. ఆ నొక్కు పైనుంచి మొదలుపెట్టి, అలవాటుగా, గోటితో వరుసలు లెక్కపెట్టాను.

ఎనిమిది ఎక్కాయి. తొమ్మిదోది కూడా ఎక్కింది.

మళ్ళీ లెక్కపెట్టాను. ఎనిమిది తర్వాత నా గోరు ఆగాల్సిన అరుగు లేదు. పక్క పలక తడిమాను. అక్కడా లేదు. కుంకుమ తుడిచి, పదమూడు పలకలూ ఒక్కొక్కటే తడిమాను. లోపలి నుంచి అంచు దాకా అన్నీ ఒకే ఏటవాలు. పూజారి ఏమ్మా ఏం పోయింది అని అడిగాడు.

ఏం పోయిందో నాకు తెలుసు. వేరే మనిషి చెక్కి ఉంటే పొరపాటు అనుకునేదాన్ని. ఏనుగు గోళ్ళు లెక్కపెట్టుకోవడానికి బస్సెక్కిన మనిషి, చచ్చిన తాబేలును ఒక పూట ఆపి ఒక్కో వరుసా కొలుచుకున్న మనిషి, రాతి పెచ్చు నొక్కును కూడా వదలని మనిషి, ఆ ఒక్క వరుసనే వదిలేశాడు. నేను ఆయన వేలు పట్టుకుని నడిపించిన వరుస. సుత్తి చప్పుడు లేని రోజు "బాగుండాది" అన్న వరుస. గుడి పెద్ద "పడిపోయినట్టుండాదే" అంటే "సరైపోతాది" అన్న వరుస. సరి చేశాడు. ముందు శనగలతో తాబేలు మీద, తర్వాత ఉలితో రాతి మీద. చూసిందే చెక్కుతా అన్నవాడు ఆ పని అందం కోసం తన మాట కూడా తప్పాడు.

ఆదివారం ఆళ్ళగడ్డ పోయాను. నాయన షెడ్డులోనే ఉన్నాడు, ఒక నంది మూతికి మెరుగు పెడుతున్నాడు. నన్ను చూసి నూనెగుడ్డ పక్కన పెట్టాడు. అమ్మ టీ ఇచ్చింది. ఆయన గ్లాసు పట్టుకుని బండ మీద కూర్చున్నాడు, నేను ఎదురుగా నిలబడ్డాను. ఎక్కడికి పోయొచ్చానో చెప్పలేదు. గుడి మాట ఎత్తలేదు, తాబేలు మాటా ఎత్తలేదు.

"నాయనా, ఆ వరస యాడికి పాయ?" అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టాడు. తన కుడిచేతి చూపుడువేలు వైపు చూసుకున్నాడు.

"అది పెట్టింటే పని చెడిపోతాండె తల్లీ" అన్నాడు.

ఏ వరస అని అడగలేదు.